ఆరబెట్టిన కలబంద

ఆ ఎండాకాలం ఎడపల్లిలో ఏ బావిలోకి తొంగిచూసినా అడుగే కనిపించింది. డెబ్బై మూడో సంవత్సరం అది. అంతకుముందు వానలు మొహం చాటేశాయి, కాలువకు నీళ్లు రాలేదు. చెరకు మోకాలెత్తు లేచి, అక్కడే ఎండిపోయి, గాలి వీస్తే గరగరలాడుతూ నిలబడింది. ఊరంతా నీళ్ల గురించి భయపడుతుంటే నేను నా కడుపు గురించి భయపడుతున్నాను.

నాకది మూడో కాన్పు. మొదటి ఇద్దరిలో ఎవరినీ ఎత్తుకుని నలుగురికి చూపించే భాగ్యం కలగలేదు. ఒకరు రూపు కట్టకముందే పోయారు. ఒకరు పుట్టి, కేకైనా వేయకుండా పోయారు. ఈసారి ఏడో నెల దాటింది. కడుపులో బిడ్డ కదిలితే ఇంత గట్టిగా కదిలిందేమిటని భయం, కదలకపోతే కదలడం లేదేమిటని భయం. గడప దాటాలన్నా భయమే, తుమ్మాలన్నా భయమే.

మా ఆయన సత్యానందం బోధన్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. చెరకే లేనప్పుడు బండి ఎక్కడికి తోలుతాడు? పసుపు ఉడకబెట్టే పనికి మోర్తాడ్ వైపు పోయాడు. పోయేముందు నా మొహం చూడకుండా ఎడ్ల మొహం చూస్తూ చెప్పాడు.

"అమ్మ ఉన్నది గద. నీకేం భయం?"

అమ్మ ఉన్నదనే కదయ్యా భయం, అని మనసులో అనుకున్నాను.

మా అత్తమ్మ శారమ్మకు దేవుడంటే తప్ప దేనికీ భయం లేదని ఊళ్లో పేరు. ఆ దేవుడితో కూడా కాస్త గట్టిగానే మాట్లాడేది. మా ఇంట్లో ఆమె ప్రార్థన మొదలుపెడితే రెండు వాడల అవతల బర్రె పాలు పిండేవాళ్లకు వినిపించేది. పొద్దున నీళ్లు తెచ్చి, గంజి కాచి, మధ్యాహ్నం మా చర్చి సంఘం వాళ్ల ఇండ్లు తిరిగి, జబ్బుపడ్డవాళ్ల తల మీద చెయ్యి పెట్టి వచ్చేది. నేను నిజామాబాద్ టౌనులో నల్లా కింద బిందె పెట్టి పెరిగినదాన్ని. ఆమె ముందు నిలబడితే నాకు నోరు పెగిలేది కాదు.

నోరు పెగిలేది నర్సవ్వ దగ్గరే. మా గోడకు అవతలి ఇల్లు ఆమెది. పొద్దంతా చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమె ఇంటి ముందు కూర్చున్నప్పుడల్లా నా కళ్లు గుమ్మం మీదికే పోయేవి. అక్కడ ఒక కలబంద వేలాడుతుండేది. వేర్లు పైకి, ఆకులు కిందికి. చుట్టూ కత్తుల్లా విచ్చుకున్న ఆకులు, నడుమ లేత మొలక. మన్ను లేదు, చుక్క నీళ్లు లేవు. ఊళ్లో చెట్లన్నీ మాడిపోయిన ఆ ఎండల్లో అది మాత్రం పచ్చగా, తాపీగా, ఊగుతూ ఉండేది.

"అవ్వా, గది తలకిందులుగ ఎట్ల బతుకుతుంది?" అని అడిగాను ఒకరోజు.

"కలబంద బిడ్డా. దానికి మన్నెందుకు, నీళ్లెందుకు? మా కోడలు కడుపుతోని ఉన్నప్పుడు కట్టిన. దిష్టి దోషం ఇంట్లకు రానియ్యదు. గది పచ్చగున్నన్ని దినాలు ఇల్లు పచ్చగుంటది."

"ఎండితే?"

తునికాకు కత్తిరిస్తున్న నర్సవ్వ చెయ్యి ఆగింది. "ఎండితే అని ఎందుకంటవ్ పిల్లా! కడుపుతోని ఉన్నదానివి, నోట్లకెళ్లి గసొంటి మాట రావద్దు."

చెప్పి ఉంటే ఏదో ఒకటి విని ఊరుకునేదాన్ని. చెప్పలేదు. దాంతో నాకు అన్నం సహించడం మానేసింది.

మర్నాడు నర్సవ్వ తన పెరట్లోంచి ఒక పిలక తవ్వి, గోడ మీదుగా నా చేతికి అందించింది. "మీ అత్త సూడకముందే కట్టు" అంది. మా గుమ్మం పైన క్రిస్మస్‌కు నక్షత్రం కట్టే మేకు ఒకటి ఉంది. పీట వేసుకుని, తాడు పట్టుకుని, పెద్ద కడుపుతో పీట ఎక్కాలా వద్దా అని వెనకాముందాడుతూ నిలబడ్డాను. వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఎవలిచ్చిండ్రు?"

"నర్సవ్వ."

"ఎందుకు?"

"పిల్లకు... మంచిదట."

ఆమె నా చేతిలోంచి కలబందను తీసుకుంది. గోడ అవతలికి విసిరేస్తుందనుకున్నాను. విసరలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, నెమ్మదిగా అంది.

"దేవుడు చెట్టును పుట్టిచ్చినప్పుడు వేరు కిందికి పెట్టిండు, ఆకు మీదికి పెట్టిండు. నువ్వు ఆయనకు నేర్పుతవా ప్రమీలా?"

పెరట్లో అంచు పగిలిన పాత కుండ ఒకటి ఉంటే, దాన్నిండా మన్ను పోసి ఆమే నాటింది. మన్ను చేత్తో అదుముతూ చెప్పింది. "కలబంద మంచి చెట్టే. కాలితే పూసుకోవచ్చు, కండ్లు మండుతే పెట్టుకోవచ్చు. గుమ్మానికి కట్టుడు మాత్రం మన ఇంట్ల లేదు. చర్చి అయ్యగారు చూస్తే ఏమంటడు? శారమ్మ ఇంటింటికి వొయ్యి చెప్పేదొకటి, ఇంట్ల చేసేదొకటి అనడా?"

నాకు అయ్యగారు ఏమంటాడన్నది కాదు బాధ. గుమ్మానికి కడితేనేం, కుండలో పెడితేనేం, చెట్టు నా పేరు మీద ఇంట్లోకి వచ్చేసింది. ఇక అది పచ్చగా ఉండి తీరాలి. అది పచ్చగా ఉన్నన్ని రోజులే నా బిడ్డ.

నీళ్లకు అత్తమ్మ చెరకు చేలు దాటి, ఒక మోటబావి దాకా పోయేది. ఆ బావిలో ఊట ఊరేదాకా కూర్చుని, రెండు బిందెలతో తిరిగి వచ్చేది. వంటకు ఇంత, కడగడానికి ఇంత, తాగడానికి ఇంత అని ఆమె ఎట్లా పంచితే అట్లా. బిందె మీద మూత కాస్త పక్కకు జరిగినా కనిపెట్టేది. నాకు మాత్రం మధ్యాహ్నం ఒక పెద్ద చెంబు నిండా విడిగా పెట్టి, "మొత్తం తాగాలె, వొట్టి మనిషివి కావు" అని చెప్పి బయటికి పోయేది. తను ఎంత తాగేదో నేనెప్పుడూ చూడలేదు.

ఇంట్లో నీళ్లు ముట్టుకునే ధైర్యం నాకు లేదు. నా చెంబు మాత్రం నాది. అత్తమ్మ వీధి మలుపు తిరగగానే చెంబులో సగం తీసుకెళ్లి కలబంద నడిమొలకలో పోసేదాన్ని. మొదట్లో ఆకులు ఉబ్బి నిగనిగలాడాయి. ఆ పూట బిడ్డ కూడా హుషారుగా కదిలినట్టు అనిపించింది. సంబరపడిపోయి, మరునాడు ఇంకాస్త ఎక్కువ పోశాను.

తర్వాత అడుగు ఆకు ఒకటి పసుపుపచ్చగా తిరిగింది. దాహం తీరడం లేదేమో అనుకుని సగం చెంబు కాస్తా చెంబెడు చేశాను. రెండో ఆకు కూడా రంగు మారింది. ఆకు లోపల నీళ్లు కనిపిస్తాయా అన్నట్టు పలచబడి, పట్టుకుంటే మెత్తగా నలిగింది. ఎండిపోతుంటే ఇట్లాగే అవుతుంది కాబోలు అనుకున్నాను. చెట్టు పెంచడం చేతకానిదానికి మురగడానికీ ఎండడానికీ తేడా ఏం తెలుస్తుంది? పప్పు కడిగిన నీళ్లు కూడా ఎత్తుకెళ్లి పోశాను.

గోడ మీదుగా నర్సవ్వకు చెప్పుకున్నాను. "అవ్వా, ఆకులు పసుపురంగు తిరుగుతున్నయ్."

"కుండల ఎందుకు వెట్టినవ్? కట్టుమంటి గద నేను!" అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఇంకేముంది, పులి మీద పుట్ర. ఆమె గుమ్మం మీదది నీళ్లు లేకుండా బతికింది, నాది నీళ్లు తాగుతూ చస్తోంది. కారణం ఒకటే. తలకిందులుగా కట్టాల్సినదాన్ని నిలబెట్టాం. కట్టనివ్వమని అత్తమ్మను అడగలేను, కట్టకుండా బతకలేను. మధ్యాహ్నాలు వడగాలి కొడుతుంటే ఆ కుండ పక్కనే కూర్చుని, ఏసు ప్రభువా దీన్ని బతికించు అని ప్రార్థించేదాన్ని. ప్రభువు పేరు పెట్టి కలబందను వేడుకోవడం ఎంత తప్పో అనిపించేది. అయినా మానేదాన్ని కాదు.

ఒకరోజు గంజి పోస్తూ అత్తమ్మ నా మొహంలోకి చూసింది. "పెదవులు గట్ల పగిలినయేంది? నీళ్లు తాగుతున్నవా?"

"తాగుతున్న అత్తమ్మా."

ఆమె ఆ రోజు నుంచి నా చెంబుకు తోడు చిన్న గ్లాసు ఒకటి అదనంగా పెట్టింది. అది కూడా కుండలోకే పోయింది.

ఇంకొన్నాళ్లకు ఒక పొద్దున లేచేసరికి బిడ్డ కదల్లేదు. పడుకుని ఉందేమో అనుకున్నాను. పొయ్యి అంటించాను, గిన్నెలు తోమాను, ఎడమకు ఒరిగాను, కుడికి ఒరిగాను. ఎండ పెరట్లోకి దిగింది. కడుపు రాయిలా ఉంది. అత్తమ్మ బావికి పోయింది, నర్సవ్వ బీడీలు అప్పజెప్పడానికి పోయింది. పిలవడానికి కూడా ఎవరూ లేరు. రెండో కాన్పప్పుడు కూడా ఇట్లాగే, ఒక పొద్దున నిశ్శబ్దంగా అయిపోయింది.

చెంబు పట్టుకుని కుండ దగ్గరికి వెళ్లాను. నడిమొలకలో నీళ్లు పోద్దామని ఒక ఆకును పక్కకు జరిపాను. చెట్టుకు చెట్టే నా చేతిలోకి వచ్చేసింది. కింద వేరు లేదు. వేరు ఉండాల్సిన చోట మురిగిపోయి జిగటగా ఉంది, ముక్కు పగిలే వాసన.

నాకు ఏడుపు రాలేదు. అరుపూ రాలేదు. మంత్రసాని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చిన ఆ రెండో బిడ్డ కూడా ఇంతే తేలిగ్గా ఉంది. కలబందను ఒళ్లో పెట్టుకుని అట్లాగే ఎండలో కూర్చుండిపోయాను.

బిందెలు దించిన చప్పుడు వినిపించింది. అత్తమ్మ నీడ నా మీద పడింది. ఆమె నా ఒళ్లోని చెట్టును చూసింది, తడిసి బురదైన కుండను చూసింది, పక్కన దొర్లిన చెంబును చూసింది. తిడుతుందనుకున్నాను.

"కదుల్తలేదా?" అంది.

"పొద్దుగాలటి సంది."

"నీ నీళ్లు దీనికి పోసినవా?"

తల ఊపాను.

ఆమె నన్ను రెక్క పట్టి లేపి, లోపలికి తీసుకెళ్లి, నేల మీద చాప వేసి పక్కకు ఒరిగించి పడుకోబెట్టింది. అప్పుడే తెచ్చిన బిందెలోంచి నిండుగా నీళ్లు ముంచి, బెల్లం గడ్డ చిదిమి కలిపి నోటికి అందించింది. తాగాను. మళ్లీ ముంచింది. మళ్లీ తాగాను. లెక్కపెట్టి పంచే మనిషి ఆ రోజు బిందెను అడుగు కనిపించేదాకా వంచింది. తర్వాత నా కడుపు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

ఇక ప్రార్థన మొదలుపెడుతుంది, వాడంతా వింటుంది అనుకుని కళ్లు మూసుకున్నాను. ఏమీ వినిపించలేదు. కళ్లు తెరిస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. ఆమె అట్లా గొంతు లేకుండా ప్రార్థించడం చూశాక నాకు బిడ్డ మీద ఆశ పోయింది.

ఆమె గోడకేసి చూస్తూ అంది. "సత్యం పుట్టకముందర నాకు ముగ్గురు. ఎవ్వలకు పేరు పెట్టలే."

ఆ ఇంటికి కోడలిగా వచ్చి అన్నేళ్లయినా ఆ మాట ఆమె నాకు చెప్పలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను.

బిడ్డ కదిలిన సంగతి నాకంటే ముందు ఆమె చేతికే తెలిసింది. "ఆఁ" అని ఉలిక్కిపడింది. ఆ వెంటనే నాకూ తెలిసింది. పక్కటెముకల కింద చిన్నగా ఒక పొడుపు, కాసేపటికి ఇంకొకటి. నేను భోరున ఏడ్చాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. బయటికి పోతూ తలుపు దగ్గర ఆగింది.

"చెట్టుకు నీళ్లు ఎక్కువైనయ్. బిడ్డకు తక్కువైనయ్. గంతే."

సాయంత్రం నేను లేచి చూసేసరికి ఆమె కత్తితో కలబంద అడుగును చెక్కుతోంది. మురిగినదంతా తీసేసి, తెల్లటి కండ కనిపించేదాకా కోసింది. పసుపుపచ్చని ఆకులు ఒలిచేసింది. పెద్ద చెట్టు కాస్తా పిడికెడయింది. ఇక మళ్లీ నాటుతుందనుకున్నాను. ఆమె నులక తాడు తెచ్చి, కోసిన మొదలుకు చుట్టి ముడి వేసింది. పీట జరుపుకుని, ఎక్కి, నక్షత్రం మేకుకు తగిలించింది. మొదలు పైకి, ఆకులు కిందికి.

నేను నోరు తెరిచి చూస్తున్నాను. "అత్తమ్మా, గదేంది?"

"పచ్చి కోత. ఆరాలె. ఆరకుండ నాటితే మల్ల మురుగుతది" అని, పీట దిగి, చేతులు దులుపుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషే. చెప్పులు విప్పుతూ తలెత్తి, అట్లాగే నిలబడిపోయాడు.

"ఏందమ్మా శారమ్మా ఇది? గుమ్మానికి కలబందనా?"

నేను తలుపు చాటుకు జరిగాను. అత్తమ్మ రెప్ప కూడా వేయలేదు.

"మురిగింది అయ్యగారూ. కోసి ఆరవెట్టిన. ఆరినంక నాటాలె."

"ఎండల పెడితే జల్ది ఆరుతది గద?"

"ఎండల వెడితే ఉడుకుతది. దీనికి నీడ, గాలి కావాలె."

"తలకిందులుగనే ఆరాల్నా?"

"నిలవెడితే నడిమొలకల దుమ్ము వడుతది అయ్యగారూ."

ఒక్క మాటలోనూ తప్పు లేదు. అయ్యగారు ఆమెను చూశాడు, తలుపు చాటున ఉన్న నా కడుపును చూశాడు. నీళ్లిస్తే, వద్దమ్మా కరువు రోజులు అన్నాడు. ప్రార్థన చేసి, పోయేటప్పుడు ఆకులు తగలకుండా తల కాస్త వంచుకుని గుమ్మం దాటాడు.

ఆ తర్వాత నా నీళ్లు అత్తమ్మ ఎదుట కూర్చునే తాగాల్సి వచ్చింది. భయం తగ్గిందా అంటే, లేదు. రోజూ పొద్దున లేవగానే ముందు కడుపు తడుముకునేదాన్ని, తర్వాత గుమ్మం వైపు చూసేదాన్ని. ఆకులు కొద్దిగా ముడుచుకున్నాయి, సన్నబడ్డాయి, కానీ పచ్చదనం పోలేదు. పచ్చగా ఉంది కదా అని నేను చూస్తుంటే, అవతలి నుంచి అత్తమ్మ కూడా దాన్నే చూస్తూ కనిపించేది. నేను చూశానని తెలియగానే, కోత ఆరిందేమో అని చూసిన, అనేది.

వాన చుక్క పడకముందే నాకు నొప్పులు మొదలయ్యాయి. చెరకు లేని చెరకు బండిలో గడ్డి పరిచి, నర్సవ్వ కొడుకు ఎడ్లు కట్టాడు. బోధన్ దవాఖానకు పోవాలి. నర్సవ్వ నా తల ఒళ్లో పెట్టుకుంది. దారి పొడుగునా ఎండిపోయిన చేలే, ఆ గరగర చప్పుడుకే నా పళ్లు కొట్టుకుంటున్నాయి. అంతకుముందు, బండి కదలబోతున్నప్పుడు, ఇంటికి తాళం వేసిన అత్తమ్మ ఇంకా రాలేదేమిటని తల తిప్పి చూశాను. గుమ్మం కింద చేతులు జోడించి నిలబడి ఉంది. ప్రార్థన చేస్తోంది. ఆమె కళ్లు తెరిచి ప్రార్థన చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే దవాఖాన దద్దరిల్లేట్టు ఏడ్చింది. ఆ ఏడుపు ఆగితే నాకు భయం, ఆపకండి ఆపకండి అని నర్సును బతిమాలాను. అత్తమ్మ అక్కడే, ఎవరూ అడగకముందే, కరుణ అని పేరు పెట్టేసింది.

తర్వాత వానలు వచ్చాయి. మా ఆయన పసుపు మరకల చేతులతో తిరిగి వచ్చి, బిడ్డను ఎత్తుకుని, గుమ్మం వైపు చూసి, "అమ్మా, నేల మెత్తవడ్డది. ఇగ దీన్ని నాటుదమా?" అన్నాడు.

"ఇంక ఆరలే" అంది అత్తమ్మ.

క్రిస్మస్ వచ్చింది. నక్షత్రం కట్టడానికి మేకు ఖాళీ లేదు. అత్తమ్మ పక్కనే ఇంకో మేకు కొట్టించింది. మా ఇంటి ముందు నుంచి పోయే సంఘం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఎవరికీ ఆమెను అడిగే ధైర్యం లేదు. నర్సవ్వ మాత్రం గోడ అవతల చేట ఒళ్లో పెట్టుకుని తనలో తాను నవ్వుకునేది.

కరుణకు రెండో ఏడు నడుస్తున్న రోజులు. ఇల్లంతా పరుగులు తీసేది, అయినా పాలు మానేది కాదు. మా దగ్గర పాలు మాన్పించాలంటే రొమ్ముకు చేదు పూసుకుంటారు. కలబంద పసరు కంటే చేదు ఏముంది? ఒక మధ్యాహ్నం పీట వేసుకుని ఎక్కి, వేలాడుతున్న కలబందలోంచి ఒక ఆకు తుంచబోయాను.

"ముట్టకు!"

పీట మీంచి పడబోయి తలుపు పట్టుకున్నాను. అత్తమ్మ కింద నిలబడి ఉంది. కరుణ ఆమె చంకలో ఉంది.

"ఒక్క ఆకే గద అత్తమ్మా. పాలు మాన్పియ్యనీకి."

"ఇంక ఆరలే."

నాకు నవ్వొచ్చింది. నవ్వబోతూ ఆమె మొహం చూశాను. ఆమె నవ్వడం లేదు. పిల్ల దిగుతానని గింజుకుంటుంటే దిగనివ్వకుండా రెండు చేతులతో అదుముకుని, పైన నా వేళ్ల దగ్గరున్న ఆకునే చూస్తోంది. ఎండాకాలంలో పెరట్లో కుండ పక్కన కూర్చున్నప్పుడు నా మొహం ఎట్లా ఉండేదో నేను చూసుకోలేదు. ఇట్లాగే ఉండి ఉంటుంది. పాపం, ఆమె భయం ఇంకా తీరలేదు.

"అవును, పచ్చిగనే ఉన్నది" అన్నాను.

పీట దిగి, పెరట్లోకి వెళ్లి నాలుగు వేప రెమ్మలు తుంచుకొచ్చి నూరుకున్నాను.